సోంపేట బీల: పూడ్చే అనుమతిని ఎదిరించిన తీరు

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, కవిటి మండలాల్లో సముద్రానికి కాస్త ఇవతల పరుచుకున్న లోతట్టు నేలను అక్కడి జనం బీల అంటారు. పడమటి కొండల మీద కురిసిన వాన వాగులై దిగివచ్చి సముద్రంలో కలిసే ముందు ఇక్కడ నిలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం తడి ఆరని నేల ఇది. చుట్టుపక్కల రైతులు ఈ నీటిని ఎత్తిపోతలతో వరి మళ్ళకు తోడుకుంటారు, మత్స్యకారులు వలలు వేస్తారు, పశువులు మేస్తాయి, జమ్ము కోసుకునేవాళ్ళు కోసుకుంటారు. చలికాలంలో నీటి పక్షులు దిగుతాయి. శాస్త్ర గ్రంథాలు చిత్తడి నేల అని పిలిచేది సరిగ్గా ఇలాంటి చోటునే. 2008లో ఈ బీలలో 970 ఎకరాలకు పైగా భూమిని రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107తో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం కేటాయించింది. 2640 మెగావాట్ల ఆ కేంద్రం కట్టాలంటే బీలను మెరక చేయాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2009 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఎనిమిది నెలలు తిరగకుండానే ఆ అనుమతి రద్దయింది. దేశంలో చిత్తడి నేలను పూడ్చే అనుమతిని స్థానికులు చట్టం ముందు నిలబడి కొట్టేయించుకున్న సందర్భాలు ఎక్కువ లేవు. అందుకే సోంపేటలో ఏం జరిగిందో, ఏ మెట్టు దగ్గర ఏ మాట నిలిచిందో వివరంగా తెలుసుకోవాలి.

పూడ్చడం అంటే ఏమిటో ముందు లెక్కలో చూడాలి. ఒక ఎకరంలో మీటరు లోతున నీరు నిలిస్తే అది దాదాపు 40 లక్షల లీటర్లు. 970 ఎకరాల్లో సగటున అంత లోతు నీరు నిలుస్తుందనుకుంటే సుమారు 0.14 టీఎంసీ. గ్రావెల్ పోసి ఆ జాగాను నింపేస్తే వాన తగ్గదు, కొండ మీంచి వచ్చే వాగు ఆగదు. ఆ నీరు పక్క ఊళ్ళ మీదికి, మిగిలిన పొలాల మీదికి తిరుగుతుంది. వేసవిలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. బీలలో నిలిచిన నీరు మెల్లగా ఇంకి చుట్టూ బావులను పోషిస్తుంది, తీరం వెంబడి ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకురాకుండా మంచినీటి ఒత్తిడితో ఆపుతుంది. పూడ్చిన చోట ఈ రెండు పనులూ ఆగిపోతాయి. థర్మల్ కేంద్రం అయితే మరొకటి తోడవుతుంది. ఈ స్థాయి కేంద్రానికి ఏడాదికి సుమారు కోటి టన్నుల బొగ్గు కావాలి, దాని నుంచి లక్షల టన్నుల బూడిద వస్తుంది. బూడిద చెరువులను నీటి మట్టం నేల పైకే ఉండే చోట కడితే, వాటి ఊట ఎక్కడికి పోతుందో చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు.

ఇంత పని చేసే నేల ప్రభుత్వ కాగితాల్లో మాత్రం పనికిరాని భూమిగా కనిపిస్తుంది. కోస్తా ఆంధ్రలో రెవెన్యూ రికార్డులు పన్ను కోసం పుట్టాయి. శిస్తు వచ్చేది సాగు భూమి, రానిది బంజరో పోరంబోకో. పక్షి దిగుతుందా, చేప పెరుగుతుందా, వరద ఆగుతుందా అన్న గడులు గ్రామ భూముల రికార్డైన అడంగల్‌లో లేవు. పరిశ్రమకు భూమి వెతికే అధికారికి ఇలాంటి భూమి సులువుగా దొరుకుతుంది. పట్టాదారులు ఉండరు, పరిహారం తక్కువ, ఖాళీ చేయించాల్సిన ఇళ్ళు లేవు. సోంపేటలోనూ జరిగింది ఇదే. రికార్డు చూసి భూమి ఇచ్చారు, నేల చూడలేదు. ఈ పొరపాటు నుంచే తర్వాతి కష్టమంతా పుట్టింది.

భూమి కేటాయింపు ఒక్కటితో పని మొదలు పెట్టకూడదు. 2006 సెప్టెంబరు 14న కేంద్రం జారీ చేసిన పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం 500 మెగావాట్లు, అంతకు మించిన థర్మల్ కేంద్రాలకు ఢిల్లీలోని పర్యావరణ శాఖ ముందస్తు అనుమతి తప్పనిసరి. కంపెనీ మొదట దరఖాస్తు పెడుతుంది. ఏయే అంశాలు అధ్యయనం చేయాలో నిపుణుల కమిటీ నిర్ణయిస్తుంది. ఆ ప్రకారం కంపెనీ ఒక సలహా సంస్థ చేత ముసాయిదా నివేదిక రాయిస్తుంది. తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ. చివరికి కమిటీ మదింపు చేసి సిఫారసు ఇస్తే శాఖ అనుమతి జారీ చేస్తుంది. నివేదిక రాసే సంస్థకు డబ్బిచ్చేది కంపెనీయే. ఈ ఏర్పాటులోని లోపం అందరికీ తెలిసినదే, ఇప్పటికీ సరిచేయలేదు. కాబట్టి నివేదికలో లేనిదేమిటో చెప్పే బాధ్యత ఊరివాళ్ళ మీద పడుతుంది.

వాళ్ళకు ఆ అవకాశం వచ్చేది ప్రజాభిప్రాయ సేకరణలో. దీన్ని చాలామంది ఒక సభగా, అక్కడ అరిస్తే పని ఆగిపోయే చోటుగా భావిస్తారు. అది ఓటింగు కాదు. ఎంతమంది వద్దన్నారన్నది లెక్కపెట్టి నిర్ణయం తీసుకోరు. ఏం వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు అన్నది రికార్డులోకి ఎక్కించడం దాని పని. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదిక, తెలుగులో దాని సారాంశం కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో అందుబాటులో ఉంచాలి. సభకు కలెక్టరో, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని ఆయన ప్రతినిధో అధ్యక్షత వహించాలి. అంతా వీడియో తీయాలి. ముగిసే ముందు మినిట్స్‌ను స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభకు రాలేనివాళ్ళు లిఖితపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు.

ఈ నియమాల్లో ఒక్కొక్కటీ తర్వాత కోర్టులో పనికొచ్చేదే. నోటీసు 30 రోజులకు తక్కువైతే, తెలుగు సారాంశం పంచాయతీకి చేరకపోతే, మినిట్స్ చదవకుండా ముగిస్తే, ఆ సంగతి అక్కడే, ఆ రోజే కాగితం మీద రాసి రసీదు తీసుకోవాలి. అభ్యంతరం కూడా గట్టిగా పలికితే చాలదు, నిర్దిష్టంగా ఉండాలి. ‘మా బతుకులు పోతాయి’ అన్న మాట నిజమే, కానీ నిపుణుల కమిటీ దాన్ని ఒక వాక్యంలో దాటేయగలదు. ‘నివేదిక ఫలానా పేజీలో సర్వే నంబరు ఇంతను బంజరుగా చూపింది, అక్కడ నుంచి ఇన్ని ఎత్తిపోతలు నీళ్ళు తోడుతున్నాయి, వాటి కరెంటు కనెక్షన్ల వివరాలు ఇవి’ అన్న మాటను దాటేయలేదు. గోవా గనుల విషయంలో ఉత్కర్ష్ మండల్ అనే సంస్థ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2009 నవంబరులో ఈ సంగతే తేల్చింది. ప్రజాభిప్రాయ సేకరణలో వచ్చిన అభ్యంతరాలను కమిటీ పరిశీలించిందని, ఎందుకు తోసిపుచ్చిందో కారణాలతో సహా మినిట్స్‌లో కనిపించాలని చెప్పింది. చెప్పని అభ్యంతరాన్ని పరిశీలించలేదని ఎవరూ తప్పు పట్టలేరు. మొదటి రోజే చెప్పి ఉండాలి.

సోంపేటలో ఊళ్ళు ఒక్కటై నిలబడ్డాయి. రైతులు, మత్స్యకారులు, సోంపేట పట్టణంలోని వైద్యులు, ఉపాధ్యాయులు కలిసి పర్యావరణ పరిరక్షణ కోసం సంఘంగా ఏర్పడ్డారు. రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి, ఏళ్ళ తరబడి సాగాయి. విశాఖపట్నానికి చెందిన మాజీ కేంద్ర కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ ఢిల్లీకి లేఖల మీద లేఖలు రాశారు. ఉద్యమం వీధిలో ఎంత బలంగా ఉందో కాగితం మీదా అంతే బలంగా ఉంది. సోంపేటను ఇతర పోరాటాల నుంచి వేరు చేసింది ఈ రెండో బలమే.

అనుమతి వచ్చాక వాళ్ళు వెళ్ళింది జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి. 1997 నాటి చట్టంతో ఏర్పడిన ఈ సంస్థ పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్ళు వినేది. సాధారణంగా అప్పీళ్ళను తోసిపుచ్చుతుందన్న పేరు దానికి ఉండేది. సోంపేట విషయంలో అలా జరగలేదు. అది చిత్తడి నేల అన్న సంగతిని పక్కన పెట్టి అనుమతి ఇచ్చారన్న వాదన ఫోటోలు, రికార్డులు, క్షేత్ర పరిశీలన ముందు నిలిచింది. 2010 జులై 14న అథారిటీ అనుమతిని రద్దు చేసింది. ఇక్కడ నిలిచిన న్యాయ సూత్రం సరళమైనది. 2006 ప్రకటనలోనే ఒక క్లాజు ఉంది. సమాచారాన్ని కావాలని దాచినా, తప్పుదోవ పట్టించేలా ఇచ్చినా, ఆ దరఖాస్తును తిరస్కరించవచ్చు, ఇచ్చిన అనుమతినైనా రద్దు చేయవచ్చు. పూడ్చబోయేది ఏమిటో చెప్పకుండా పూడ్చడానికి అనుమతి తీసుకుంటే ఆ అనుమతికి పునాది ఉండదు. ఆరేళ్ళ తర్వాత అరుణాచల్ ప్రదేశ్‌లోనూ ఇదే జరిగింది. తవాంగ్ జిల్లాలో 780 మెగావాట్ల న్యామ్‌జాంగ్ చూ జలవిద్యుత్ ప్రాజెక్టు స్థలం నల్లమెడ కొంగలు శీతాకాలం గడిపే చోటు. నివేదిక ఆ మాట చెప్పలేదు. 2016 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ అనుమతిని నిలిపివేసింది.

అదే జులై 14న సోంపేటలో తుపాకులు పేలాయి. కంపెనీ పని మొదలుపెట్టడానికి పోలీసు బందోబస్తుతో వస్తే ఊళ్ళు అడ్డుకున్నాయి, కాల్పులు జరిగాయి, ఊరివాళ్ళ ప్రాణాలు పోయాయి. ఢిల్లీలో అనుమతి రద్దవుతున్న రోజే, ఆ అనుమతి పేరుతో బీల గట్టు మీద రక్తం కారింది. అప్పీలు తేలే దాకా ఆగితే ఆ ప్రాణాలు పోయేవి కావు. ఇది రాష్ట్ర యంత్రాంగం మీద చెరగని మచ్చ. చట్టపరంగా కూడా ఇందులో అందరూ గుర్తుంచుకోవాల్సిన అంశం ఉంది. అప్పీలు వేసినంత మాత్రాన పని దానంతట అది ఆగదు. స్టే విడిగా అడగాలి, అప్పీలుతో పాటే అడగాలి. నేలను ఒకసారి మట్టితో నింపాక గెలిచినా తిరిగి వచ్చే బీల ఉండదు.

సోంపేటలో ఆ కేంద్రం కట్టలేదు. కానీ అదే జిల్లాలో, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో, ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ కంపెనీ తలపెట్టిన మరో 2640 మెగావాట్ల కేంద్రం పని అప్పటికే మొదలైంది. అక్కడిదీ బీల లాంటి చిత్తడి నేలే, తంపర అంటారు. దగ్గరలోని తేలినీలాపురం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా గూళ్ళు కట్టే ఊరు. ఆ పక్షులు మేతకు ఈ చిత్తడి నేలల మీదే ఆధారపడతాయి. 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు జరిగాయి, అక్కడా జనం చనిపోయారు. ఏడాది తిరగకుండా ఒకే జిల్లాలో, ఒకే రకం నేల మీద, ఒకే రకం అనుమతి వల్ల రెండుసార్లు జరిగిన ఈ ఘోరాన్ని శాంతిభద్రతల సమస్యగా రాసిపెట్టారు. అది భూమి ఎంపిక సమస్య.

విద్యుత్తు అక్కర్లేదా అన్న ప్రశ్న అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. అవసరమే. 2008, 2010 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు నిజం. అయితే కేంద్రం ఎక్కడ కట్టాలన్నది వేరే ప్రశ్న. మదింపు నివేదికలో ప్రత్యామ్నాయ స్థలాల విశ్లేషణ ఉండాలని నియమం. చాలా నివేదికల్లో ఆ అధ్యాయం ముందే ఎంచుకున్న స్థలాన్ని సమర్థించే రెండు మూడు పేజీలు. వ్యతిరేకించేవాళ్ళు వెతకాల్సిన బలహీనత ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది. మిగతా రెండు స్థలాలను ఎందుకు వద్దన్నారు, ఎవరు వెళ్ళి చూశారు, ఏ నెలలో చూశారు అని అడిగితే జవాబు ఉండదు. మే నెలలో చూసిన బీల ఎండిన మైదానంలాగే కనిపిస్తుంది.

సోంపేట తర్వాత చట్టం మారింది. 2010 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడి పాత అప్పిలేట్ అథారిటీ స్థానంలోకి వచ్చింది. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నైలోని దక్షిణ బెంచికి వెళతాయి. ఆ ఏడాది డిసెంబరులోనే చిత్తడి నేలల పరిరక్షణ నియమాలు వచ్చాయి. 2017 సెప్టెంబరులో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చి, కేంద్ర నియంత్రణ సంస్థ తొలగి, బాధ్యత రాష్ట్ర స్థాయి ప్రాధికార సంస్థలకు మారింది. నోటిఫై అయిన చిత్తడి నేలను ఇతర అవసరాలకు మార్చడం, అందులో పరిశ్రమ పెట్టడం, చెత్త పోయడం, సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవల రేవు తప్ప శాశ్వత కట్టడం కట్టడం ఈ నియమాల కింద నిషేధం.

నోటిఫై అయిన అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందమైన రామ్‌సర్ జాబితాలోకి 2002లో ఎక్కిన కొల్లేరుకు రక్షణ ఉంది. ఊరి పక్క బీలకు నోటిఫికేషన్ లేకపోతే ఈ నిషేధం నేరుగా వర్తించదు. పైగా సాగు చెరువులు, తాగునీటి కోసం తవ్వినవి, చేపల చెరువులు, ఉప్పు మడులు, వరి పొలాలు 2017 నిర్వచనం బయట ఉన్నాయి. తెలుగు నేల మీది నీటి వనరుల్లో చాలా భాగం మనుషులు కట్టిన చెరువులే కాబట్టి ఈ మినహాయింపు మన రాష్ట్రాలను గట్టిగా దెబ్బ తీస్తుంది. ఈ లోటును కొంత పూడ్చింది సుప్రీంకోర్టు. ఇస్రో అట్లాస్‌లో 2.25 హెక్టార్లకు మించినవిగా గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలను, నోటిఫై చేసినా చేయకపోయినా, 2010 నియమాల్లోని నిషేధ సూత్రాల ప్రకారం కాపాడాలని ఎం.కె. బాలకృష్ణన్ కేసులో 2017లో ఆదేశించింది. 2.25 హెక్టార్లంటే సుమారు ఐదున్నర ఎకరాలు. వివాదంలో ఉన్న నేల ఆ అట్లాస్‌లో ఉందా లేదా అన్నది ఈ రోజు మొదట చూడవలసిన సంగతి. చెరువుల విషయంలో 2011 జనవరి నాటి జగ్‌పాల్ సింగ్ తీర్పు ఉంది. ఊరి ఉమ్మడి నీటి వనరులను ఆక్రమించుకుని కట్టిన కట్టడాలను క్రమబద్ధీకరించరాదని అందులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

సాక్ష్యం ఎలా కూడగట్టాలన్నది ఎక్కువ ఓపిక కోరే పని. మొదటిది పాత రెవెన్యూ రికార్డు. రైత్వారీ గ్రామాలకు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, ఒకప్పటి జమీందారీ గ్రామాలకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, తెలంగాణకు సేత్వార్, ఖాస్రా పహాణీ. వీటిలో చెరువు, వాగు, గెడ్డ అని ఉండి, కొత్త అడంగల్‌లో బంజరుగా మారి ఉంటే, ఆ మార్పు ఏ ఉత్తర్వుతో జరిగిందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. రెండోది సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు. నీరు నిలిచే ప్రాంతాలను అది ప్రత్యేక గుర్తులతో చూపిస్తుంది. మూడోది ఉపగ్రహ చిత్రాలు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ వెబ్‌సైట్‌లో ఇవి ఉచితంగా దొరుకుతాయి. ఒకే చోటును అక్టోబరులో, మేలో పక్కపక్కన పెట్టి చూపితే ఎండాకాలం ఫోటో చెప్పే అబద్ధం తేలిపోతుంది. నాలుగోది పక్షులు. ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో తమ బీలను చేర్చుకున్న ఊరికి ఏటికేడు లెక్క పోగవుతుంది. ఐదోది జీవనాధారం. ఎన్ని వలలు, ఎన్ని ఎత్తిపోతలు, ఎన్ని పశువులు అన్న వివరాలను పంచాయతీ తీర్మానంలోకి ఎక్కిస్తే అది సాక్ష్యమవుతుంది.

ఇవన్నీ పోరాటం మొదలయ్యాక పోగు చేయడం కష్టం. ఎందుకంటే చట్టం ఇచ్చే గడువు చాలా తక్కువ. అనుమతి మీద హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు 30 రోజుల్లో వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. 90 రోజులు దాటితే ట్రిబ్యునల్ కూడా ఏమీ చేయలేదు. అనుమతి వచ్చిన 7 రోజుల్లో కంపెనీ రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రకటన ఇవ్వాలి. ఆ చిన్న ప్రకటన ఎవరి కంటా పడకపోతే గడువు నిశ్శబ్దంగా కరిగిపోతుంది. నష్టపరిహారం అడగని అప్పీలుకు రుసుము 1000 రూపాయలే. డబ్బు కన్నా కాలమే ఇక్కడ అసలు అడ్డంకి.

నగరాల్లో పరిస్థితి మరీ ఇబ్బంది. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు రాష్ట్ర స్థాయి ప్రాధికార సంస్థ పర్యావరణ అనుమతి కావాలి. కానీ ఇళ్ళు, లేఅవుట్ల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ మినహాయించారు. హైదరాబాద్ చెరువుల చుట్టూ వచ్చే అపార్ట్‌మెంట్ల విషయంలో కలెక్టరు సభ ఉండదు. పూర్తి నిల్వ మట్టం హద్దు, దాని చుట్టూ వదలాల్సిన బఫర్, ప్రాధికార సంస్థకు పంపే లిఖిత అభ్యంతరం, ఆపైన ట్రిబ్యునల్, ఇవే మిగిలిన మార్గాలు. హద్దు రాళ్ళు పాతని చెరువుకు ఈ మార్గాలు కూడా మూసుకుపోతాయి.

2017 నియమాల్లో పౌరులకు ఉపయోగపడే ఒక వెసులుబాటు ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఒక చిత్తడి నేలను నోటిఫై చేయడానికి ముసాయిదా ప్రకటించినప్పుడు 60 రోజుల పాటు సంబంధం ఉన్నవాళ్ళు, ప్రభావితులు అభ్యంతరాలు, సూచనలు పంపవచ్చు. కంపెనీ రాకముందే నోటిఫై అయిన నేలకు ప్రజాభిప్రాయ సేకరణలో కొట్లాడాల్సిన అవసరం రాదు, పోలీసు బందోబస్తు రాదు. బీలలు, తంపరలు, చెరువులు ఉన్న ప్రతి పంచాయతీ ఇప్పుడే గ్రామసభ తీర్మానం చేసి, పాత రికార్డు నకలు, రెండు కాలాల ఉపగ్రహ చిత్రాలు జత చేసి, తమ నేలను నోటిఫై చేయాలని రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థకు పంపాలి.